ఫాంటు లేని సీడీ

1999 జూన్ 14, మదనపల్లె
పూర్తయింది. మా కాలేజీ పరిశోధన పత్రిక, పదిహేనేళ్ల సంచికలు, మళ్లీ టైపు చేయించి, ఒక్క సీడీలో! మునిరత్నం డీటీపీ షాపులోనే కూర్చుని, అతని కంప్యూటర్లో పేజీ పేజీ తిప్పి చూశాను. ఒత్తులు కూడా పోలేదు. అట్ట మీద ‘శాశ్వతం’ అని నేనే రాశాను.

జూన్ 30
ప్రిన్సిపాల్ పిలుపు. “సీడీ వచ్చినాక ఆ కాయితాలు యాలప్పా? బీరువాలు ఖాళీ చెయ్యి.” లైబ్రేరియన్‌గా నా సంతకం కావాలట. పెట్టాను. పాత పేపర్ల బండి వచ్చి అన్నీ తీసుకెళ్లింది. కుప్పం వెంకటప్ప అయ్యవారు తన రాగుల వ్యాసం టైపుకని ఇచ్చిన సొంత ప్రతి కూడా ఆ కట్టల్లోనే పోయింది. “నీ దగ్గరుంటే భద్రం” అన్నారు, ఇచ్చిన రోజు...

జూలై 3
బీరువాల చోట కూలర్ పెట్టారు. చల్లగా ఉంది.

2006 ఫిబ్రవరి 8
పుంగనూరు నుంచి పద్మావతి అనే అమ్మాయి వచ్చింది. పీహెచ్‌డీ చేస్తోంది. వెంకటప్ప అయ్యవారి రాగుల వ్యాసం కావాలట. పుంగనూరు, సదుం, కుప్పం పల్లెల్లో రైతులు రాగి రకాలకు పెట్టుకున్న పేర్లు — ఆయన ఏళ్ల తరబడి సైకిలు తొక్కి పోగుచేసినవి. మా పత్రికలో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. ఆ సంచిక కోసం ఊళ్లన్నీ తిరిగిందట, ఒక్కటీ దొరకలేదు. “ఆ ఇత్తనాలు ఇప్పుడు యాడా లేవు సార్. పేర్లన్నా మిగలాల కదా.”
గర్వంగా సీడీ పెట్టాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, పర్సెంటు గుర్తులు. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ఆ అమ్మాయి నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకుంది. నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 9
మునిరత్నం ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నాడు. “మా ఫాంటు లేకుంటే అచ్చరాలు యాడ కనపడతాయప్పా? ఆ కంప్యూటర్ సెడిపాయ. ఫాంటు దాంతోనే పాయ, ఇంకెవురి కాడా లేదు.” సీడీలో ఫాంటు కూడా వేయాలని చెప్పలేదేం? “నువ్వు అడగలేదు కదప్పా.”
అడగలేదు. ఇంకో కంప్యూటర్లో ఒక్కసారి పెట్టి చూడాలని కూడా తోచలేదు. నా బుద్ధి గడ్డి తింది.

ఫిబ్రవరి 21
ఏ గుర్తు ఏ అక్షరమో పట్టుకుంటున్నాను. వ్యాసం శీర్షిక నాకు కంఠతా వచ్చు, దాంతో కొన్ని దొరికాయి. పేర్ల పట్టిక మాత్రం లొంగడం లేదు. ఊహించి పూడ్చడానికి అవి వాడుక మాటలు కావు. ఒక్క అక్షరం తప్పినా లేని విత్తనాన్ని పుట్టించినవాణ్ణవుతాను. అయ్యవారు నోటితో చెప్పాలి, నేను గుర్తులతో సరిచూసుకోవాలి. వేరే దారి లేదు.
ప్రిన్సిపాల్ రిటైరై హాయిగా ఉన్నాడు. సంతకం నాది కదా.

మార్చి 5, కుప్పం
అయ్యవారు బాగా చిక్కిపోయారు. నన్ను గుర్తుపట్టారు. సంగటి తినేదాకా వదల్లేదు.
నల్ల కంకి రాగుల్ని సదుం వైపు ఏమంటారు సార్... అడిగాను. చాలాసేపు ఆలోచించారు. పెదవులు కదిలాయి, పేరు రాలేదు. ఇంకోటి అడిగాను. అదీ రాలేదు. ఆయన నవ్వారు.
“వయసాయ కదప్పా, మర్సిపోతాండాను. పోతేపోనీ, అన్నీ రాసి నీకిచ్చినా కదా! పుస్తకంలో సూసి నువ్వే నాకు సెప్పు.”
చూసి చెబుతాను సార్ అన్నాను. ఆ మాటే అన్నాను, సిగ్గులేకుండా.
బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. మదనపల్లె బస్సు వచ్చింది, ఎక్కలేదు. వెనక్కి వెళ్లి చెప్పేయాలి... వెళితే, ఏమని మొదలుపెట్టను?