పాలకాయతిప్ప గాలికి ఎగిరిన జుట్టు

మంగళవారం, బందరు

జుట్టు ఊడటం ఆగాలని ఈరోజు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. రోజుకో మాత్ర రాసి, "ఆపేస్తే మళ్ళీ ఊడుతుందండీ" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మన రోల్డుగోల్డు కొట్లో గాజులకు మళ్ళీ మళ్ళీ పూత వేయించకపోతే మెరుపు పోతుందని నేను చెప్పేదీ అదేగా! ఆ మాత్రతో కొద్దిమందికి సంసారం మీద ఆసక్తి తగ్గుతుందని కూడా అన్నారు. అక్కడ నవ్వు ఆగిపోయింది. ఒక బిడ్డ కోసం మేమిద్దరం ఎంత ఆశగా ఉన్నామో నాకు తెలుసు.

మాత్రలు కొనుక్కుని ఇంటికొచ్చి మా ఆవిడ వాణికి అంతా చెప్పాను.

"పెళ్ళైన కొత్తలో సముద్రం చూడ్డానికి పాలకాయతిప్ప వెళ్ళాం, గుర్తుందా? బండి మీద మీ జుట్టంతా నా నోట్లోకే వచ్చేది. దారంతా ఉమ్ముకుంటూనే ఉన్నా" అంది.

ఎంత ఒత్తుగా ఉండేదో అప్పుడు! కోడూరు దాటగానే ఉప్పుగాలి కొట్టేది. వెనక కూర్చుని తిడుతూనే నవ్వేది వాణి. ఆ ఒక్కరోజు మళ్ళీ వస్తే...

"మరి వేసుకోనా?" అన్నాను.

"వేసుకోండి, వద్దనను. కానీ బిడ్డ పుట్టాక. పట్టుకుని లాగడానికి దానికీ కాస్త జుట్టు ఉండాలిగా!"

మాత్రలు బీరువాలో పెట్టేశాను. అప్పటిదాకా ఎంత మిగుల్తుందో మరి...