ఎడమవైపు ఫుట్‌రెస్టు

రామంతాపూర్,
14-8-2007.

శారదకు,

నేనూ అమృతా కులాసాగానే ఉన్నాం. కల్వకుర్తి హాస్టలు ఉద్యోగంలో ఒక్కదానివే ఉన్నావు, నీ మోకాలు ఎట్లా ఉందోనన్నదొక్కటే ఇక్కడి దిగులు. ఉత్తరమేమిటని కంగారుపడకు. ఫోన్లో నీ గొంతు వినగానే నా నోట అబద్ధాలే వస్తున్నాయి, అందుకే రాస్తున్నాను.

నువ్వు అడిగినవి ముందు చెబుతాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. అమృత చీకటి పడకముందే కాలేజీ నుంచి వచ్చేస్తోంది. మామిడికాయ తొక్కుకు బూజు పట్టలేదు. స్కూటరుకు కొత్త ట్యూబు వేయించానా అన్నావు. అసలు స్కూటరే లేదు శారదా. చిల్కానగర్ మెకానిక్ భూషణానికి ఇచ్చేసి, నెల కిందట దూరప్రయాణాల మోటారుసైకిలు కొన్నాను. నీకు చెప్పొద్దని అమృత దగ్గర మాట తీసుకున్నాను.

నలభై తొమ్మిదేళ్ళకు ఇదేం బుద్ధి అంటావు. ఇరవై రెండేళ్ళు ఇంటి నుంచి నాచారం ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఉప్పల్ కూరగాయల మార్కెట్టుకు తిరిగినవాణ్ణి. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఉమాపతి వాళ్ళు ఆదివారాలు బండ్లేసుకుని పోతుంటే మనసు లాగింది. "ముసలోనికి దసరా పండుగ అని నవ్వుతరు. నవ్వనీ అన్నా," అన్నాడు ఉమాపతి. ఆ మాటతో ఉబ్బిపోయాను.

సామాన్ల బ్యాగులు బిగించడానికి భూషణం దగ్గరికి వెళ్ళాను. నువ్వు ఒకవైపుకు కూర్చుంటే కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టు ఎడమ బ్యాగుకు అడ్డమొచ్చింది.

"ఇది తీసేస్తే వదిన కాళ్ళు యాడ పెడ్తది అన్నా?" అన్నాడు.

"తీసెయ్. ఆమెకు మోకాళ్ళ నొప్పి, ఇగ బండెక్కదు," అన్నాను.

నీ నొప్పిని సాకు చేశాను. ఒక్కణ్ణే పోవాలని ఉండింది, అదీ నిజం. ఆ మాట అన్నాక హాయిగా కూడా అనిపించింది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఇంకొకటుంది. దాన్ని తప్పించుకోవడానికే ఇంతసేపూ తొక్కు సంగతులు రాశాను. మొన్న ఆదివారం డ్యూటీ ఉంది, రాలేనన్నాను కదా. డ్యూటీ లేదు. ఉమాపతి వాళ్ళతో శ్రీశైలం వెళ్ళాను. దారి కల్వకుర్తి మీదుగానే. బస్టాండు దాటాక మేకలు అడ్డమొస్తే బండి నెమ్మదించాను. సంచి పట్టుకుని నువ్వు హాస్టలు వైపు నడుస్తున్నావు. కుడికాలు ఈడుస్తున్నావు. ఎక్కమందామనుకున్నాను. ఎక్కితే కాళ్ళు పెట్టే చోటు లేదు. పైగా డ్యూటీ అన్నాను. నా తలకు హెల్మెట్ ఉంది. హారన్ కొట్టింది నేనే. నువ్వు కుచ్చిళ్ళు ఎత్తిపట్టి రోడ్డు దిగి, ఎవరో పరాయివాడికి దారిచ్చినట్టు నాకు దారిచ్చావు. నేను వెళ్ళిపోయాను.

గుళ్ళో చేతులు జోడించాను గానీ ఏమీ అడగలేకపోయాను.

నిన్న భూషణం దగ్గర బ్యాగు తీయించి ఫుట్‌రెస్టు మళ్ళీ వేయించాను. "నేనప్పుడే అడిగిన గదన్నా," అన్నాడు. దానితో చేసిన తప్పు చెరగదని తెలుసు. వచ్చే ఆదివారం వస్తాను. తిట్టు, పడతాను. ఎక్కనంటే బలవంతపెట్టను. బండి తోసుకుంటూ హాస్టలు దాకా నీ పక్కనే నడుస్తాను.

ఇట్లు,
అమృత బాపు,
పాండురంగ