నెండాక్ గొంతులో కుంటి పుంజు

ప్రాణమైన ఉమాంగక్కకి,

పడవవాడు గట్టు దగ్గర కేకలేస్తున్నాడు. అయినా ఈ ఉత్తరం చేతికివ్వందే వాణ్ణి కదలనివ్వను. ఇంటిల్లిపాదికీ నోరున్న దాన్ని నేనేనంటావుగా, ఇవాళ ఆ నోరే పెగలడం లేదు.

నాన్న అడవి అంచున గుడిసెలో శకునం కోసం చెవులప్పగించి కూర్చుని పదిహేడు రోజులైంది. నెండాక్ పిట్ట కుడిపక్క పలికితే పోడు కొడదాం, ఎడమపక్క పలికితే ఆ చోటు వదిలేద్దాం. అసలు పలకనే పలకదే! వానలు ముంచుకొస్తున్నాయి. కొట్టిన అడవి ఎండాలి, కాలాలి. ఆలస్యమైతే మన పొడుగింట్లో ఒకే కప్పు కిందున్న ఇరవై రెండు గడపలకీ వచ్చే ఏడు గింజ ఉండదు. ఉమ్మడి వసారాలో ముసలి జెలియా, "మీ నాన్న చెవుల్లో చీమలు కాపురం పెట్టాయేమో చూడవే" అని నవ్వుతోంది.

అది ఎందుకు పలకలేదో నాకు తెలుసక్కా. మా వంటింటి వెనక పంజరంలో ఉంది. నీ మరిది, మా ఆయన ఎంత్రే పట్టాడు. పట్నం నుంచి వచ్చే పిట్టలు కొనే ఆయన దీనికి బదులు పడవకి మోటారు ఇస్తానన్నాడట. పై వాగుల్లోవన్నీ ఎప్పుడో పట్టుకుపోయారు, మనకి మిగిలింది ఇదొక్కటే. ఎక్కడుంటుందో చెప్పింది మాత్రం నేనే. వాగు మలుపులో ఎండుచెట్టు తొర్ర. చిన్నప్పుడు నాన్న నాకొక్కదానికే చూపించాడు, నీకు కూడా చూపించలేదు. ఆ గొప్ప కోసం వాగేశాను. అది వెలుతురులోకి రాదు. గుబుర్ల కింద తోక ఎగరేస్తూ పురుగులేరుకుంటుంది, పొద్దుగుంకే ముందు వాగులో ఒక్క మునక వేసి దాక్కుంటుంది. అంత సిగ్గరికి రోషం మాత్రం మహా ఎక్కువ. ఎంత్రి ఎక్కణ్ణించో తెచ్చిన ఇంకో నెండాక్‌ని అక్కడ పాడించేసరికి, నా చోట్లో ఎవడ్రా అని పోట్లాటకొచ్చి వలలో పడింది.

నిన్న అన్నం పట్టుకెళ్తే నాన్న ముద్ద ముట్టలేదు. "నేనేం తప్పు చేశానో, ఆ పిట్ట అదైనా చెప్పదేమే తల్లీ" అన్నాడు. ఇవాళ పొద్దు పొడవకముందే పంజరం తీసుకెళ్ళి గుడిసెకి కుడిపక్క పొదలో పెట్టి గుడ్డ తీశాను. పాడింది. నాన్న లేచి నిలబడ్డాడు. పొదవైపు చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా "పలికింది" అన్నాడు.

ఎల్లుండి మొదటి చెట్టు. దొంగ పలుకు మీద గొడ్డలెత్తినవాడు ప్రాణాలతో తిరిగి రాడని మనకి ఉగ్గుపాలతోనే చెప్పారు కదా. పిట్టని అక్కడే వదిలేశాను, ఎంత్రికి పంజరం తలుపు ఊడిందని చెప్పాను. నాన్నకి చెప్పెయ్యనా?

నీ చెల్లెలు,
లూలోంగ్


అక్కా,

నాన్న పోయాడని కబురు ఈపాటికి అంది ఉంటుంది. ఎలా పోయాడో నా చేత్తోనే రాయాలి.

చెట్టు కొట్టే రోజు పొద్దున నాన్న కాళ్ళ మీద పడి చెప్పేశాను. నాన్న గొడ్డలి నూరడం ఆపలేదు. "అడవిలో నెండాక్‌కి మన కుంటి పుంజు కూత ఎవరు నేర్పారే, పిచ్చిమొహమా?" అన్నాడు. విన్న కూతనల్లా పాటలో కలిపేసుకునే పిట్ట కదా, మూడు వారాలు ఆ పుంజు పక్కనే మా పెరట్లో ఉంది మరి.

"తెలిసీ పలికిందని ఎందుకన్నావు?"

"ఇరవై రెండు గడపలవాళ్ళు నా మొహం చూస్తున్నారు. పలకలేదంటే వాళ్ళందరికీ పస్తులు, పలికిందంటే నా ఒక్కడి మెడ. నువ్వు నోరు మూసుకుని జేగంట కొట్టు. నేనొచ్చి చాలు అనేదాకా ఆపకు."

అందర్నీ వాగు ఇవతలే ఆపి ఒక్కడే వెళ్ళాడు. చెట్టు పడేలోగా చెడ్డ పలుకు ఎవరి చెవినా పడకూడదు కదా, కొట్టాను. అరచేతులు బొబ్బలెక్కినా కొట్టాను. ఆఖరికి ఎంత్రి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. చెట్టు అడ్డం తిరిగి నాన్న మీద పడింది. కేక వేశాడో లేదో నాకు తెలీదక్కా. నా గంట మోతలో నాకేమీ వినపడలేదు.

గంట ఆగాక ఎడమపక్క గుబురులోంచి నెండాక్ పాడుతోంది. మధ్యలో మన కుంటి పుంజు కూత. ఎప్పట్నించి పాడుతోందో!

ఇప్పుడు వసారాలో ఒకటే మాట. ముసలాడి చెవి పోయింది, ఎడమని కుడి అనుకున్నాడు అని. ముప్పై ఏళ్ళు వాళ్ళకి అన్నం పెట్టిన చెవి అది! నా ఒళ్ళు మండిపోతోంది. "ఊరుకోవే, పోయినాయన ఎలాగూ పోయాడు, మనం ఇక్కడ బతకాలిగా" అంటాడు ఎంత్రి. ఊరుకోను. ఈ ఉత్తరం పడవెక్కించి, ఖాళీ పంజరం పట్టుకుని తిన్నగా వసారాలోకి వెళ్తున్నాను. గెంటేస్తే నీ గుమ్మంలోకే వస్తాను, రానిస్తావో లేదో నీ ఇష్టం. నాన్న చెవి తప్పలేదని మాత్రం ఇవాళ అందరూ వింటారు.

లూలోంగ్