నీళ్లకింది బండ్లబాట

గుట్టలో ఉన్న సావిత్రక్కకు తమ్ముడు మల్లేశ్ దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నీ మరదలు గుర్వమ్మా బాగున్నాం. కృష్ణా వరద దిగిపోయింది, ఇల్లు తడవలేదు. నువ్వూ బావా పిల్లలూ చల్లగా ఉన్నారని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. గుర్వమ్మకు జ్వరం తగ్గింది, దవాఖానలో ఇచ్చిన మందులు ఇంకా రెండు రోజులున్నాయి. కంది చేను నాలుగు రోజులు నీళ్లలో ఉంది, ఇక లేవదు. వరి కొంత దక్కింది. నీ చెవి మిషన్ గరగరమంటోందని రాశావు. కొన్నచోటే చూపించు, పెట్టెలో పడెయ్యకు. ఫోన్లో నా మాట నీకు వినబడదని ఇన్నాళ్లూ బాధపడ్డాను గానీ, ఈసారి ఉత్తరమే మేలనిపిస్తోంది. ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు.

పేపర్లో జింకల ముందు నీళ్లలో నడుస్తున్నది నువ్వేనా, బాపును చూసినట్టే ఉంది అని రాశావు. నేనే అక్కా. కానీ జింకల్ని కాపాడానని ఆ ఫొటో కింద రాసింది సగమే నిజం.

మన వెనకింటి కరీం నీకు గుర్తుండే ఉంటాడు. నారాయణపేట నుంచి వచ్చి కిరాయికి దిగినప్పుడు మీసాలు కూడా సరిగా రాలేదు. బాపు అతనికి ఏటి మీద పుట్టి నడపడం నేర్పాడు. నాకూ నేర్పాడు, కానీ నేను తెడ్డేస్తే పుట్టి ఉన్నచోటే తిరిగేది. "నీ చేతులు పొలానికే పనికొస్తయిరా" అని బాపు నవ్వేవాడు. మంచాన పడ్డాక తన పుట్టి కరీంకే ఇమ్మన్నాడు. నేనే నెత్తిన మోసుకెళ్లి ఇచ్చాను. ఊళ్లోవాళ్లు నన్ను మంచోడన్నారు. లోపల ఏముందో గుర్వమ్మకు కూడా చెప్పలేదు. బాపు పోయాక నీళ్లు పెరిగితే జనం మన గడప దాటి కరీం ఇంటికి పోయేవాళ్లు. బాపు పేరెత్తి, కాటమయ్య చెయ్యి కరీంకే వచ్చిందని ఎవరన్నా అంటే ఆ పూట నాకు అన్నం దిగేది కాదు.

బాపు నాకొక్కడికే చెప్పింది ఒకటుంది. రాళ్లదిబ్బ నుంచి మన మెరకచేను దాకా పాతకాలపు రాతి బండ్లబాట ఉంది. మట్టి కప్పేసింది, ఎవరికీ కనిపించదు. ఎంత వరదొచ్చినా దాని మీద మోకాలి లోతే, రెండు పక్కలా మాత్రం మనిషి మునుగుతాడు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఆ బాట మీద నడిపించాడు. కరీంకు చెప్పలేదని నాకు తెలుసు. అదొక్కటైనా నాదని దాచుకున్నాను.

ఆ రోజు పొద్దున లేచేసరికి నీళ్లు చేలల్లోకి వచ్చాయి. రాళ్లదిబ్బ మీద పద్నాలుగు కృష్ణజింకలు చిక్కుకున్నాయి, రెండు పిల్లలతో సహా. మన చేలు మేసినందుకు ఏడాది పొడుగునా వాటిని తిట్టేవాళ్లే అందరూ ఒడ్డుకొచ్చి నిలబడ్డారు. అటవీశాఖవాళ్లకు ఫోన్ చేస్తే రోడ్డు తెగిందన్నారు. దిబ్బ చూస్తుండగానే చిన్నదైపోతోంది.

"ముందుగల పిల్లల్ని పుట్టిల తెస్త. తల్లులు ఎనక ఈదుకుంట రావొచ్చు" అన్నాడు కరీం.

కృష్ణకాంత్ సారు నా వైపు తిరిగాడు. మన బడిలో పంతులు ఆయన. "మల్లేశ్, నువ్వేమంటవ్? మీ బాపుకు గీ నీళ్ల సంగతి బాగ ఎరుకుండె."

"కరీం ఉన్నడు గద సార్. నన్నెందుకు అడుగుతరు?" అన్నాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది అక్కా. మెరకచేను వైపు బాట కొస నా కాళ్లకు ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. చేతులు కట్టుకుని నిలబడ్డాను. అతను ఓడిపోవాలని కోరుకున్నాను. ఒక్కసారి, అందరి ముందూ.

రెండుసార్లు దిబ్బ దాకా వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. మూడోసారి జింకలు బెదిరి అటూ ఇటూ ఉరికాయి, ఒక పిల్ల నీళ్లలో పడింది. కరీం తెడ్డు వదిలేసి దూకాడు. దాన్ని పట్టుకునేసరికి పాణం పోయింది. ఒడ్డుకు తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. ముసలివాళ్లు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. అతను ఓడిపోతే ఏదో తగ్గుతుందనుకున్నాను. అప్పుడు కూడా అందరూ అతని పక్కనే ఉన్నారు. అది చూసి నాకు కడుపు మండింది. చచ్చిన పిల్లను చూసి కాదు, ఆ చేతుల్ని చూసి. ఆ మంటకు నాకే అసహ్యమేసింది. అప్పుడు నీళ్లలోకి దిగాను.

"చీరలు పట్టుకొని నా ఎంబడి రాండ్రి" అన్నాను. జింకలు రాకుండా చేల చుట్టూ కట్టుకునే పాత చీరలే అవి. బాట మీదే రెండు అంచుల్లో జనం మోకాలి లోతులో నిలబడి చీరలను గోడల్లా పట్టుకున్నారు. కరీం పుట్టిని దిబ్బ వెనక నుంచి మెల్లగా తెచ్చాడు. నేను బాట మీద దిబ్బ దాకా పోయి, అక్కడి నుంచి జింకల ముందు నడిచాను. పెద్ద మగజింక చాలాసేపు తల ఊపి, తర్వాత దిగింది. దాని వెనకే మిగతావన్నీ. మెరకచేను ఎక్కగానే గెంతుకుంటూ పోయాయి. ఒక్క తల్లి మాత్రం ఆగి నీళ్ల వైపే చూస్తూ నిలబడింది.

ఈ బాట సంగతి ఎట్లా తెలుసని కృష్ణకాంత్ సారు అడిగాడు. "ఇప్పుడే యాదికొచ్చింది సార్" అన్నాను. కరీం తడి బట్టలతోనే నన్ను కావలించుకున్నాడు. "నువ్వు లేకుంటే అన్నీ పోతుండె అన్నా" అన్నాడు. ఎన్నో ఏళ్లుగా నేను వినాలనుకున్న మాట అతని నోటే విన్నాను. ముల్లులా దిగింది.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు వాళ్లింటికి పోయాను. అతని భార్య అతియా చాయ్ తెచ్చింది. జరిగిందంతా చెప్పాను.

"పొద్దుగాలనే ఎరుకనా?" అన్నాడు కరీం.

"ఎరుకనే."

"నేను పుట్టేసుకొని పోయినప్పుడు?"

"అప్పుడు గూడ."

చాయ్ ముట్టకుండా లేచి లోపలికి పోయాడు. "జర ఇంటికి పో అన్నా" అంది అతియా, నా మొహం చూడకుండా. ఆ తర్వాత ఎనిమిది రోజులు కరీం ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు.

నిన్న వచ్చాడు. గడపలోకి రాలేదు, బయటే నిలబడి అన్నాడు. "మళ్ల వానలున్నయంట. గా బాట యాడ సురువైతదో, యాడ మల్గుతదో చూపియ్యి. నువ్వు ఊర్ల లేనప్పుడు గూడ అందరికి ఎరుకుండాలె."

ఇద్దరం వెదురు గుంజలు మోసుకెళ్లాం. నేను చోటు చూపించాను, అతను పాతాడు. పని మాటలు తప్ప వేరే మాట లేదు. నిజం రాస్తున్నాను అక్కా, ఒక్కో గుంజ దిగుతుంటే బాపు నాకిచ్చింది నా చేతుల్లోంచి జారిపోతున్నట్టే అనిపించింది. ఒక మలుపు దగ్గర తప్పు చెప్పాలని కూడా నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. సరిగ్గానే చూపించాను. చివరి గుంజ పాతాక అతను వెనక్కి తిరిగి బాటంతా ఒకసారి చూశాడు. "పెద్దాయన మంచిగ యాదివెట్టుకున్నడు" అన్నాడు. బాపు చెప్పింది నేనూ యాది పెట్టుకున్నానని అతను అనలేదు. నేనూ అనమని అడగలేదు.

నువ్వు కోప్పడతావని తెలుసు. కోప్పడి అయినా రెండు ముక్కలు రాయి.

ఇట్లు,
దాచుకోవడానికి ఇక ఏమీ లేని నీ తమ్ముడు,
మల్లేశ్