నీలం డబ్బా మూత

వార్డెన్ గౌరీశ్వరి మేడమ్ గారికి, హాస్టల్ ఊడ్చే మనిషి నమస్కారం పెట్టి రాస్తన్నాను.

మన పిల్లలు తడి చెత్త పచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో సరిగ్గా వేస్తన్నారని యూనివర్సిటీ వాళ్లు మనకి షీల్డు ఇచ్చారు. సంతోషమే. కానీ పిల్లలే వేరు చేసేస్తంటే ఇద్దరు మనుషులెందుకని, నాతో పనిచేసే సర్దార్ బీని ఒకటో తారీకు నుంచి రావొద్దన్నారట. అందుకే దాచింది చెప్పేస్తన్నాను.

పిల్లలు మంచోళ్లే. మిగిలిన బిర్యానీ, ఎముకలు, ప్లేటు అన్నీ పార్సిల్ కవర్లో పెట్టి, గట్టిగా ముడేసి నీలం డబ్బాలో పడేస్తారు. ముడేస్తే శుభ్రమని ఇళ్లల్లో నేర్పినట్టున్నారు. రోజూ పొద్దున్నే ఆ ముడులన్నీ విప్పి వేరు చేసేది మేమిద్దరం. మీరు పిల్లల్ని తిడతారేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదు. మొన్న కవర్లో పగిలిన సీసా గుచ్చుకుని సర్దార్ బీ చేతికి మూడు కుట్లు పడ్డాయి. ఇంట్లో కత్తిపీటకి కోసుకుందని మీకు అబద్ధం చెప్పింది నానే.

నాకు ఓపిక అయిపోయింది మేడమ్. ఇంత పని నా ఒక్కదాని వల్ల ఏటవుతాది? ఆవిణ్ని ఉంచండి. నా మాట నమ్మకపోతే, రేపు మేం ఏ డబ్బా ముట్టుకోం. తొమ్మిదింటికి మీరే వచ్చి నీలం డబ్బా మూత తియ్యండి.