కుర్చీ వెనక చేతులు

ప్రత్యేక బడి పెద్ద మేడమ్ గారికి,

నేను బస్సుల షెడ్డులో టైర్లు మార్చేవాణ్ణి. మీ బడిలో కొత్తగా చేరిన, మాటలు రాని పిల్ల మా చెల్లి. నాకు మర్యాదగా రాయడం రాదు, అయినా చివరిదాకా చదవండి.

ఈ మధ్య అన్నం పెట్టగానే అది చేతులు రెండూ కుర్చీ వెనక్కి పెట్టేసి కదలకుండా కూర్చుంటోంది. ఎంత బతిమాలినా ముద్ద ముట్టదు. మొదట్లో ఆట అనుకున్నాం. "దొంగ దొరికిందిరోయ్!" అని నాన్న నవ్వాడు కూడా. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

మిమ్మల్ని అడిగితే, "ఇలాంటి పిల్లలు ఏవేవో చేస్తుంటారు బాబూ, అన్నిటికీ కారణాలు వెతుకుతూ కూర్చుంటామా?" అన్నారు. పక్కనే ఉన్న మీ ఆయా నా మొహం చూడలేక లోపలికి వెళ్ళిపోయింది.

నిన్న ఆకలికి ఏడుస్తూ కూడా చేతులు ముందుకు తియ్యలేదు. చివరికి అమ్మకే ఏదో అనుమానమొచ్చి, తువ్వాలు తెచ్చి ఆ చేతుల్ని కుర్చీకి వదులుగా కట్టింది. అప్పుడు నోరు తెరిచింది మేడమ్. అమ్మ ఏడుస్తూనే తినిపించింది. మీ బడిలో జరిగే పని మా అమ్మ చేత మా ఇంట్లోనే చేయించారు.

రేపు పని మానేసి మీ గేటు దగ్గరికొస్తున్నాను. జవాబు చెప్పేదాకా కదలను.

చొక్కా గుండీ పెట్టుకోవడం మా చెల్లికి నేర్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఇది మాత్రం మీ దగ్గర నెల తిరక్కుండానే వచ్చేసింది. అంత గట్టిగా నేర్పిన పంతులమ్మ ఎవరో నాకు చూపించండి.

ఇట్లు,
ఆ పిల్ల అన్న