ఇంటిపేరు మార్చుకున్న సబ్బుపొడి

దోహా, అల్ ముంతజా,
ఆగస్టు 1994, శుక్రవారం.

లండన్ మహాపట్నంలో చల్లగా ఉండే నా భార్య ఆంజనమ్మకు, దోహా ఎండలో మాడిపోయే నీ మొగుడు నాగప్ప రాసుకునేది. ఇక్కడ నేను క్షేమం. జాబంటే మొదట క్షేమం రాయాల కాబట్టి రాసినా. అదెంత క్షేమమో కిందికి పోయేకొద్దీ నీకే తెలుస్తాది. అక్కడ నువ్వు, మేడం, సేటు పిల్లోళ్ళు, వాళ్ళ మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ అందరూ బాగుండారని తలుస్తాండా. వంటాయన రసూల్ కూడా బాగుండాడని నాకు బాగా తెలుసు. ఆయప్ప సంగతి లేకుండా నువ్వు ఒక్క జాబన్నా రాసింటే కదా!

ముందు నువ్వడిగిన వాటికి జవాబు చెప్తా. లేకుంటే మళ్ళా "నేనడిగిందేంది, నువ్వు రాసిందేంది" అంటావు. మన పాప వసుంధరకు జ్వరం పూర్తిగా తగ్గిపోయింది. బడికి పోతాందనీ, మధ్యాన్నం అన్నం కూడా బాగా తింటాందనీ రాయచోటి నుంచి మీ అక్క రాసింది. దాని గురించి దిగులు పెట్టుకోవద్దు.

సేటు తోబులు ఎవరు ఉతుకుతాండారని అడిగినావు. ఇంగెవరు ఉతుకుతారే? మీరంతా ఎండాకాలానికని ఆడికి పోయినాక ఈ ఇంట్లో మిగిలింది ఆయనా, నేనూ, పిల్లీ. పిల్లికి చేతకాదు. తెల్లారి బండి తుడిచేది నేనే, సేటును ఆఫీసులో దింపేది నేనే, వచ్చి ఆ మడమల దాకా ఉండే తెల్ల తోబులు మిషన్లో వేసేది నేనే. డ్రైవర్ వీసా మీద వచ్చి చాకలి డ్యూటీ చేస్తాండా. నువ్వుంటే ఈ పని నాకేంటికి? అది కూడా నీ మీద కోపమే, రాసిపెట్టుకో.

ఇంగ నీ సబ్బుపొడి సంగతి. సేటు తమ్ముడు వచ్చేటప్పుడు నువ్వు పంపిన రెండు కవర్లూ ముట్టినాయి. ఒకదాంట్లో టీవీలో వచ్చే పెద్ద కంపెనీ పొడి, ఇంకోదాంట్లో ఆడ అంగడోళ్ళు వాళ్ళే డబ్బాలో పోసి అమ్ముకునే చవక పొడి. రెండూ వాడి ఏది బాగుందో చెప్పమన్యావు. చవకదే మేలని రసూల్ అంటాడని కూడా రాసినావు. ఆ ముక్క రాయకుండా ఉండింటే నేను న్యాయంగానే ఉతికేవాణ్ణి.

నిజం చెప్తా విను. రసూల్ మాట తప్పు కావాలని, నా బనియన్లు రెండు తీసుకుని, ఒకదాని మీద పాలు పొయ్యని సులేమానీ టీ గలాసుడు ఒలకబోసినా. దాన్ని ఆ చవక పొడిలో వేసినా. మరకే లేని రెండోదాన్ని కంపెనీ పొడిలో వేసినా. ఎండకు ఆరినాక చూస్తే రెండూ ఒకే తెలుపు! టీ పోసింది ఏదో, పొయ్యనిది ఏదో నాకే తెలీలేదు. మిద్దె మీద ఆ ఎండలో నిలబడి రెండు బనియన్లనూ పట్టుకుని రసూల్‌ను తిట్టినా. పక్కింటి మలయాళీ ఆయప్ప "ఏమైంది భాయ్" అని గోడమీద నుంచి అడిగినాడు. ఏం చెప్పేది? బట్టలు తెల్లగా అయినందుకు ఏడుస్తాండా అని చెప్పేదా?

నువ్వు పోయినప్పటి నుంచి వచ్చిన జాబులన్నీ మళ్ళా తీసి చదివినా. ఊరు మారినప్పుడల్లా అదే సంగతి. మ్యూనిక్‌లో ముసలమ్మను ఆసుపత్రిలో చేర్పించినప్పుడు ఆడ అంగట్లో పొడులు చూసినావంట. ప్యారిస్‌లో నాలుగు దినాలుంటే ఆడా చూసినావంట. మేడం రెండు రకాలూ కొనిచ్చి, ఉతికి చూసి చెప్పమంటాదంట. నువ్వు చెప్పిందే కొంటాదంట. బాగుంది. పెర్సిల్ అనే పేరు లండన్‌లోనూ ఉంది, మ్యూనిక్‌లోనూ ఉంది, కానీ వాసన చూస్తే వేరే ఉంది, డబ్బా వెనక రసూల్ చదివితే కంపెనీలే వేరంట, ఒకే పేరుకు ఇద్దరు యజమానులంట అని రాసినావు. పెండ్లాం దూరంగా ఉండే మొగోడికి రాసే మాటేనా అది? ఒకే పేరుకు ఇద్దరు యజమానులు! ఆ మాట చదివిన దినం నేను అన్నం తినలేదు.

ఇంకోటి. మొదటి జాబులో "రసూలన్న" అని రాసినావు. రెండోదాంట్లోనూ అన్నే. ప్యారిస్ జాబుకొచ్చేసరికి ఉత్త "రసూల్" అయిపోయినాడు. అన్న ఏమైపోయినాడే? విమానంలో జారిపోయినాడా? జాబులో జాగా చాలక తీసేసినానంటావేమో. "ఇక్కడ పూలు బాగుండాయి" అని రాసేదానికి మాత్రం జాగా ఉంది!

ఇంగ పోయిన వారం వచ్చిన జాబు సంగతి. ఆ నీలం మడత జాబు సేటు ఆఫీసు పోస్టు పెట్టెకు వచ్చింది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో సేటు ఏదో సామాను కొంటాంటే నేను బయట బండిలో కూచోని ఆత్రంగా చించినా. దాన్ని యాడ చించాల్నో నాకు ఎప్పుడూ తెలీదు కదా. పైన ముక్క ఊడి, ఏసీ గాలికి తెరిచిన అద్దంలోంచి రోడ్డు మీదికి పోయింది. వెనకాల హారన్లు, పట్టుకునేదానికి కాలేదు. మిగిలిన జాబు ఇట్ల మొదలైంది, నాకు నోటికొచ్చేసింది కాబట్టి నీ మాటలే రాస్తాండా:

"ఇంటిపేరు మార్చుకుంటే ఏం పోతాది, లోపల ఉండేది అదే కదా అన్యాడు రసూల్. ఆలోచిస్తే నాకూ నిజమే అనిపించింది. మేడంకు కూడా చెప్పినా, సంతోషపడింది. ఇంగ నేను లండన్‌లోనే ఉండిపోయే మాట, నీ ఇష్టం ఏందో తొందరగా తెలుపు."

ఏమే ఆంజనా! నువ్వే నా జాగాలో కూచోని ఆలోచించు. ఆడది ఇంటిపేరు ఎప్పుడు మార్చుకుంటాదే? మన పెండ్లిలో పురోహితుడు నీ ఇంటిపేరు మార్చి నా ఇంటిపేరు పెట్టినప్పుడు కదా నువ్వు నా పెండ్లామైంది! ఇప్పుడు రసూల్ మార్చుకోమన్యాడు, నీకు నిజమే అనిపించింది, మేడం సంతోషపడింది, లండన్‌లోనే ఉండిపోతావు, నా ఇష్టం అడుగుతాండావు. సేటు వచ్చి వెనక కూచుంటే కూడా చూసుకోలేదు. "యల్లా నాగప్పా, యల్లా" అని ఆయన భుజం తట్టినాక బండి కదిలించినా. ఎర్ర దీపం పడినా ఆపలేదు, సేటు అరిచినాడు.

మూడు దినాలు ఆ జాబే తీసి తీసి చదివినా. పోయిన శుక్రవారం సేటు నమాజుకు పోయి వచ్చి పండుకోగానే, బండికి పెట్రోలు పోయిస్తానని చెప్పి మెసయీద్ దారి పట్టినా. ఆడ ఎరువుల ఫ్యాక్టరీ క్యాంపులో షఫీ ఉండాడు కదా, రసూల్ చెల్లెలు ఆయేషా మొగుడు. మీ బావ నా సంసారం ఏం చేసినాడో చూడు అని గొంతు పట్టుకుందామనే పోయినా. దారి పొడుగునా రసూల్‌ను ఎట్ల తిట్టాల్నో వరసగా పెట్టుకున్యా. పోయేసరికి షఫీ బనియన్‌తో కూచోని ఉల్లిగడ్డలు కోస్తాన్యాడు.

"రాన్నా, కూచో. బిర్యానీ తిని పో" అన్యాడు.

"నీ బిర్యానీ వద్దు, నీ బావ లెక్క తేల్చు" అని జాబు ఆయప్ప ముందర పారేసినా.

చదివినాడు. మళ్ళా చదివినాడు. ఉల్లిగడ్డల నీళ్ళో, నవ్వుకు వచ్చిన నీళ్ళో, కండ్లు తుడుచుకుంటా, కడుపు పట్టుకుని మంచం మీద పడిపోయినాడు. పక్క మంచాలోళ్ళు కూడా లేచి కూచున్యారు. నేనైతే కొట్టబోయినా. అప్పుడు దిండు కింద నుంచి రసూల్ జాబు తీసి నాకు చదివి వినిపించినాడు. "ఇక్కడ అంగళ్ళోళ్ళు పొడి తయారు చేయించుకుని తమ అంగడి పేరే డబ్బా మీద వేసుకుంటారు బావా. కంపెనీ పేరు తీసి అంగడి పేరు పెట్టేదాన్ని ఆంజనమ్మ చెల్లెలు ఇంటిపేరు మారిందంటాది. మాకు ఇప్పుడు అదే మాట అలవాటైపోయింది. అంగట్లో నిలబడి, కంపెనీదా ఇంటిపేరుదా అని అడుగుతాది, నేను చదివి చెప్తా" అని ఉంది దాంట్లో.

ఇంటిపేరు మారింది నీకు కాదు, సబ్బుపొడికి! రోడ్డు మీదికి పోయిన ముక్కలో ఉండింది ఆ పొడి సంగతే. నాకు తల యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు. షఫీ ఆ నవ్వు మధ్యనే "అన్నా, మా బావ ఆమెను చెల్లెలనే రాస్తాడు చూడు" అని ఆ మాట మీద వేలుపెట్టి చూపించినాడు. బిర్యానీ తిన్యా. బాగానే తిన్యా. వచ్చేటప్పుడు క్యాంపంతా వాకిట్లోకి వచ్చి "ఇంటిపేరు జాగ్రత్తన్నో" అని అరిచినారు.

ఇంత జరిగినాక నా కడుపుమంట చల్లారాల కదా. చల్లారలేదే ఆంజనా. ఇదే నీకు చెప్పాల్నా వద్దా అని ఇంతసేపూ పొడులూ బనియన్లూ రాసుకుంటా వచ్చినా. మెసయీద్ నుంచి తిరిగి వచ్చే దారిలో రెండు పక్కలా ఇసుక తప్ప ఏమీ ల్యా. రసూల్ మంచోడే, నీకు అన్నే, తెలిసిపోయింది. మరి ఇంకా ఏంటికి మండుతాంది అని బండి పక్కన ఆపి నన్ను నేనే అడుక్కున్యా. నాకు కుళ్ళు రసూల్ మీద కాదు. నీ మీద.

అవును, నీ మీదే. మనం ఈ దేశానికి వచ్చినప్పుడు విమానంలో బెల్టు కట్టింది నేను. యల్లా అంటే పద అనీ, మాఫీ అంటే లేదు అనీ నీకు చెప్పింది నేను. లిఫ్టులో నా చొక్కా పట్టుకుని నిలబడేదానివి. నువ్వు అడిగేదానివి, నేను చెప్పేవాణ్ణి. మొగుడంటే అదే అనుకున్యా. ఇప్పుడు భూమి కింద రైలు ఎక్కినానని నువ్వు రాస్తావు. అంగట్లో పొడికి నువ్వే పేరు పెడతావు, రసూల్, మేడం, సేటు పిల్లోళ్ళు అందరూ అదే పేరుతో పిలుస్తారు. "నాగప్పా, నీ ఔరత్ చాలా తెలివైంది" అని సేటు బండిలో నాతో అంటే, అవును సేటు అని నవ్వుతా. లోపల పొట్టేలు పొడిచినట్టు ఉంటాది. నేను మాత్రం అదే ముంతజా, అదే ఆఫీసు, అదే ఎర్ర దీపం. నీ జాబు తీసినప్పుడల్లా నువ్వు ఇంకొంచెం పెరిగి ఉంటావు, నేను అంతే ఉంటా. పెండ్లాం మీద కుళ్ళే మొగోణ్ణి నువ్వు యాడన్నా చూసినావా? ఇదో, ఇక్కడున్యా.

నువ్వు లండన్‌లో ఉండేదాని గురించి నేను శానా కారణాలు తయారు చేసి పెట్టుకున్యా. పాప బెంగ పెట్టుకుంటాది, చలికి నీకు దగ్గు వస్తాది, రాయచోటిలో జనం నాలుగు మాటలంటారు. అవన్నీ సాకులు. పాప పెద్దమ్మ దగ్గర బాగుంది. దగ్గు నీకు ఇక్కడ ఏసీకే ఎక్కువ. జనం మనం ఏం చేసినా అంటారు.

నిన్న సేటు బండిలో అడిగినాడు. "నాగప్పా, మేడం ఫోన్ చేసింది. పెద్దమ్మాయి లండన్‌లో చదువుకుంటాది. నీ ఔరత్ తోడుంటే బాగుంటాదంటాంది. నువ్వు ఏం చెప్తే అది. ఉండనీనా, రమ్మననా?" అని. నాకు నాలిక చివరకు వచ్చింది, రమ్మను సేటు అని. ఒక్క మాట. ఆ మాట అంటే వచ్చే నెల విమానంలో నువ్వు నా ముందర దిగేదానివి.

"ఆమెనే అడుగు సేటు" అన్యా.

ఆయన పెద్దగా నవ్వినాడు. "నువ్వు మగోడివేనా, పెండ్లాన్ని అడగమంటావు" అన్యాడు. నేను బండి నడిపినా.

కాబట్టి మేడం నిన్ను పిలిచి అడుగుతాది. మొగుడు ఏమన్యాడని కాదు, నీకు ఏం కావాలని. నాకేం కావాల్నో కూడా విని పో. నాకు నువ్వు కావాల. ఆ విమానానికే రావాల. కానీ నా ఏడుపు చూసి రావద్దు. అట్ల నువ్వు వస్తే, మిషన్ దగ్గర నిలబడి సేటు తోబులు మడతపెట్టే నిన్ను చూసినప్పుడల్లా, దీన్ని పట్టుకుని ఆపినోణ్ణి నేనే కదా అని నా ప్రాణం కొట్టుకుంటాది. ఉండాలని ఉంటే ఉండు. నేను తిడతా, నాలుగు దినాలు అలుగుతా, జాబు ఆలస్యంగా రాస్తా. అదంతా పట్టించుకోవద్దు.

ఉంటే మాత్రం చూసినవన్నీ రాయి. రైలూ, పూలూ, పొడులూ, రసూల్ చదివి చెప్పినవీ, నువ్వే సొంతంగా చదివినవీ, ఏదీ వదలొద్దు. నేను ఎంత కుళ్ళుకున్యా ఫరవాలేదు. మా ఆయప్ప ఓర్చుకోలేడు పాపం అని జాలిపడి, తగ్గించి రాస్తివా, అది మాత్రం నేను ఓర్చుకోలేను.

ఇట్లు,
నీ మీద కుళ్ళుతో,
నీ మొగుడు
నాగప్ప.